మైకు ముందు ఊ కొట్టిన రోజు

కథ చెప్పేవాళ్లకు నోరుంటే చాలదు, ఎదురుగా ఊ కొట్టేవాళ్లు ఉండాలి. మా అమ్మమ్మ కథ మొదలుపెట్టే ముందే అడిగేది, "ఊ ఎవలు కొడ్తరు?" అని. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ పూటకు కథ లేదు. మధ్యలో ఊ ఆగిపోయిందా, రాజు గుర్రం మీదే ఉండిపోయేవాడు, రాక్షసి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది. మేం మళ్లీ ఊ అంటేనే ఆ చెయ్యి దిగేది.

పెళ్లయి చంద్రపూర్‌కు, ఈ బాబుపేట్ ఇంటికి వచ్చాక నాకు ఊ కొట్టింది మా ఆయన. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు చేసి వచ్చి, ఒంటి మసి కడుక్కుని, తిని, మంచం మీద వాలేవాడు. నేను సాయంత్రం బియ్యం ఏరుతూ పిల్లలకు కథ చెప్పేదాన్ని. పక్కిళ్ల మరాఠీ పిల్లలూ వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లకు సగం కథే అర్థమయ్యేది గానీ, ఊ మాత్రం మా పిల్లల కంటే గట్టిగా కొట్టేవాళ్లు. అందరి ఊలు అయ్యాక మంచం మీద నుంచి మా ఆయన ఊ వచ్చేది, బాయి అడుగు నుంచి వచ్చినట్టు. అది ఆగిందంటే ఆయన నిద్రపోయాడని గుర్తు. నేనూ కథ ఆపేసేదాన్ని. పిల్లలు మొత్తుకున్నా సరే, మర్నాడే మిగతాది.

నిజం చెప్పాలంటే ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట ఆ ఊ ఒక్కటే. మాటల మనిషి కాదు. బాయిలో ఆయనకు 'మౌనీబాబా' అని పేరు. ఒకసారి గేటు దగ్గర మీటింగు జరుగుతుంటే ఎవరో ఆయన చేతిలో మైకు పెట్టారట, రెండు మాటలు చెప్పమని. ఆయన మైకును అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, పక్కనున్న మనిషికి ఇచ్చి వచ్చేశాడట. ఆ సంగతి చెప్పుకుని ఆ షిఫ్టు వాళ్లు ఏళ్ల తరబడి నవ్వారు.

ఆయన పని కూడా అలాంటిదే. మాట్లాడే పని కాదు, వినే పని. డ్రెస్సర్ అంటారు. లోపల బొగ్గు పేల్చాక అందరికంటే ముందు పోయేది డ్రెస్సరే. పొడుగాటి సబ్బల్‌తో, అంటే గడ్డపారతో, పైకప్పు మీద కొడతాడు, చెవి పెట్టి వింటాడు. ఖంగుమని పలికితే కప్పు గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే పెళ్లలు సడలాయన్నట్టు. సడలినవాటిని దించేదాకా ఇంకెవర్నీ ముందుకు రానివ్వడు. ముప్పై ఏళ్ల పైన ఆయన ఆ కప్పుతోనే మాట్లాడాడు, కప్పు చెప్పేది విన్నాడు. ఇంటికొచ్చి నేను చెప్పేది విన్నాడు.

ఇలాంటి మనిషికి సెండాఫ్ దగ్గర పడింది.

బాయి సెండాఫ్ చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. పనిలో ఆఖరి రోజున కాలనీ హాల్లో స్టేజీ మీద రెండు కుర్చీలు వేస్తారు, ఒకటి దిగిపోయే మనిషికి, ఒకటి భార్యకు. దండలు వేస్తారు, ఆయనకు శాలువా, కొబ్బరికాయ, ఆమెకు చీర. సాబులు మాట్లాడతారు. అన్నీ అయ్యాక మైకులో పిలుస్తారు, ఇప్పుడు వారు తమ మనోగత్ చెప్తారు అని. మనోగత్ అంటే మనసులో ఉన్న మాట. అది చెప్పకుండా దిగనివ్వరు.

"నేను పోను," అన్నాడు మా ఆయన, ఇంకా రెండు నెలలు ఉండగానే. "శాలువ ఇంటికి పంపుమను."

"మరి నా చీర?" అన్నాను.

"నేను కొనిస్త."

"గీ మాటకు సాక్షులు ఎవలు?"

ఆయన నవ్వాడు గానీ మాట మార్చలేదు.

మా అబ్బాయి ఆవర్‌పూర్ సిమెంటు ప్లాంటులో పని చేస్తాడు. ఆదివారం వచ్చినప్పుడు సంగతి విని, "గిదేం పెద్ద పని బాపూ!" అని ఫోన్ తీసి, దాంట్లో వెతికి, చక్కని మరాఠీలో ఒక భాషణం రాసిచ్చాడు. "వ్యాసపీఠావర్ ఉపస్థిత్ మాన్యవర్" అని మొదలవుతుంది. స్టేజీ మీది పెద్దలారా అని అర్థమట. మా ఆయన మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు, అక్షరాలు వస్తాయి. కాగితం కళ్లకు దూరంగా పెట్టి, 'వ్యాసపీఠా' దగ్గర ఎక్కి, 'ఉపస్థిత్' దగ్గర జారి కిందపడ్డాడు.

"మల్ల చదువు బాపూ, నాలుగుసార్లు చదివితే నోటికి వస్తది."

"నోటికి వస్తదిరా. మనసులకెల్లి రావాలంటున్నరు కదా? నా మనసుల గింత పెద్ద మాటలు లేవు."

కొడుకు మొహం చిన్నబోయింది. "నీ ఇష్టం, గట్లనే మౌనంగ నిలబడి దిగు," అని చెప్పులు వేసుకున్నాడు. మళ్లీ గుమ్మం దగ్గర ఆగి, కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. ప్రేమ లేక కాదు, వాడికి తెలిసిన దారి అది.

ఆ సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి చాప వేశాను. మే నెల. పొద్దు గూకినా డాబా కాలుతూనే ఉంది, చల్లిన నీళ్లు చల్లినట్టే ఆవిరైపోతున్నాయి. ఆయన వచ్చి కూర్చున్నాక అడిగాను.

"నిజం చెప్పు. పోవుడు ఇష్టం లేదా, మాట్లాడుడు ఇష్టం లేదా?"

చాప కొసకు లేచిన పుల్లను పీకి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "చెప్పాల్సిన మాట ఒకటున్నది. గందుకే భయం. మాటే లేకుంటే భయమెందుకు?"

"ఎవలికి చెప్పాలె?"

"రాజురా బావకు."

రాజురా బావ అంటే నది అవతల రాజురాలో ఉండే మనిషి. మా ఆయన కంటే పెద్ద, పనిలో గురువు. నాకు అన్న వరస. ఆయన మా ఆయనకు పూర్తిగా తిరగేసిన మనిషి, నోరు మూతపడదు. మా ఆయన మొదటి రోజు పనికి దిగితే, హెల్మెట్ మీద వేలి కణుపులతో కొట్టి చూసి, "ఏందయ్యా బావా, గిది డొల్లగ పలుకుతుంది! లోపట ఏం లేదా?" అన్నాడట. తాను రిటైరయ్యేదాకా కనబడ్డప్పుడల్లా అలా కొట్టి అదే మాట అనేవాడు.

"ఆయనకేం చెప్పాలె?" అన్నాను.

"కొత్తల ముచ్చట. తినే యాళ్లయింది. నేను గోడకు ఆనుకోని డబ్బ ఇప్పుతున్న."

"ఊ," అన్నాను, అలవాటుగా.

"బావ వచ్చిండు. నా నెత్తి మీద కప్పు కొట్టి చూసిండు. 'లే' అన్నడు."

"ఊ."

"'జెర తిన్నంక లేస్త' అన్న. మల్లొక మాట మాట్లాడలే. బెల్టు పట్టి గుంజిండు. ఇద్దరం పోయి అవతల పడ్డం. తిరిగి చూస్తే డబ్బ లేదు. డబ్బ ఉన్న జాగనే లేదు. అంత పెళ్ల."

ఈసారి నా నోట ఊ రాలేదు. కాసేపటికి వచ్చిన మాట కూడా ఏం మాటో చూడండి.

"మా అమ్మ పెట్టిన స్టీలు డబ్బనా?"

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ డబ్బా ఏదని అప్పట్లో నేనడిగితే, బాయిలో మరిచిపోయానన్నాడు. రేపు తెస్తావా, ఎల్లుండి తెస్తావా అని నేను నెల పొడుగునా సాధించాను. తెస్తా తెస్తా అని, చివరికి బజారు నుంచి కొత్తది కొనుక్కొచ్చాడు.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"బాయి దిగేటోడు గసొంటియి చెప్పొద్దే. తప్పిన గండాన్ని మల్ల పేరువెట్టి పిలిచినట్టయితది. ఇంట్ల చెప్పొద్దు, బాయిల చెప్పొద్దు. బావ సుత నాతోటి ఎన్నడు ఎత్తలే. ఆఖరిసారి పైకొచ్చినంకనే చెప్పాలె. మొన్నటితోని నాకు లోపటి పని అయిపోయింది, ఇగ ఆఖరిదాక పైన డ్యూటీనే."

"అయితే ఇంటికి పిలిచి, చాయ్ తాగుకుంట చెప్పు."

"ఊహూ." తల అడ్డంగా తిప్పాడు. "బావ సెండాఫ్ల ఏమన్నరు? పనిమంతుడు, టైముకు వస్తడు అన్నరు. గంతే. శాలువ కప్పిండ్రు, దిగిండు. ఆయన ఏం చేసిండో నాకొక్కనికే ఎరుక. గా హాల్ల మా షిఫ్టోళ్లు ఉంటరు, కొత్త పోరగాండ్లు ఉంటరు. వాళ్లు వినాలె. నేను చెప్పకపోతే ఇంక చెప్పేటోడే లేడు."

ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి అంత మాట్లాడాడు. ఇది శాలువా సంగతి కాదని, ఇది జరగకపోతే ఆ మాట మిగిలిన జీవితమంతా ఆయన లోపలే ఉండిపోతుందని నాకు తెలిసిపోయింది.

"ఇప్పుడు చెప్పినవ్ కదా, గట్లనే చెప్పు."

"నువ్వు ఊ కొట్టినవ్, చెప్పిన. గంత మంది మూతి బిగవెట్టుకోని చూస్తుంటే ఎవలు పలుకుతరు? కొడితే పలకని కప్పు కింద నేను నిలబడలేను."

"పక్క కుర్చీల కూసునేది నేనే కదా? నాకే చెప్పు. నేను పలుకుత."

అలా మొదలైంది మా చదువు. రోజూ సాయంత్రం డాబా మీద ఆయన నిలబడాలి, నేను పక్కన కూర్చోవాలి. కొడుకు కాగితం ఆయన వదల్లేదు, వాడు బాధపడతాడని. దాంతోనే మొదలుపెట్టేవాడు. నేను చప్పుడు చేసేదాన్ని కాదు.

"ఏమే, ఊ కొట్టవు?"

"కొట్టెటట్టు చెప్తే కొడ్త."

కోపం వచ్చి కిందికి దిగిపోయేవాడు. నీళ్ల చెంబు తీసుకుని తిరిగొచ్చేవాడు, అందుకే పోయినట్టు. మాన్యవర్ల దగ్గర నాకు ఊ రాలేదు, తీసేశాడు. ఫలానా సంవత్సరం డ్యూటీలో చేరిన అన్నాడు, అక్కడా రాలేదు. ఏ బాయిలో ఎన్నేళ్లు, ఏ సాబు దగ్గర ఎన్నేళ్లు అన్నాడు, నేను ఆవులించాను. అలా కాగితం మీది మాటలు ఒక్కొక్కటే రాలిపోయి, ఒకరోజు తిన్నగా, "ఒక పూట నేను డబ్బ ఇప్పుతున్న" అని ఎత్తుకున్నాడు. నేను ఎంత గట్టిగా ఊ అన్నానంటే పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఆమె ఇటు తిరిగి చూసింది.

"గిదే గడప. గిక్కడికెల్లే లోపటికి రా," అన్నాను.

భయానికి ఆయన మాటలు పరిగెత్తేవి. ఊ వినబడేదాకా రెండో మాట ఎత్తొద్దన్నాను. దాంతో నడక కుదిరింది. చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. కొబ్బరికాయ ఇస్తారు కదా, అది పట్టుకో అన్నాను. అన్నిటికంటే కష్టమైంది ఆపడం. అంతా చెప్పేసి, ఆ తర్వాత సాబుకు ధన్యవాదాలు, యూనియన్‌కు ధన్యవాదాలు, క్యాంటీన్ వాళ్లకు ధన్యవాదాలు అని మొదలుపెట్టేవాడు.

"అందరికి కలిపి ముందే ఒక దండం పెట్టు. కథ కంచికి పోయినంక వాపస్ పిలువకు."

తర్వాతి ఆదివారం కొడుకు వచ్చి, మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. దిగొచ్చి బల్ల మీది కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నాది అవసరం లేదు బాపూ," అన్నాడు, మెత్తగా.

ఆ రోజు వచ్చింది. హాలు నిండింది. స్టేజీకి రెండు పక్కలా కూలర్లు లారీల్లా మోగుతున్నాయి. రాజురా అన్న ముందు వరసలో, పొద్దున బస్సుకు వచ్చి, ఉతికిన తెల్ల చొక్కాలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాకు వాళ్లు పెట్టిన చీర ఆకుపచ్చది, అంచు బాగుంది. సాబు మాట్లాడాడు. పనిమంతుడు, టైముకు వస్తాడు అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కొబ్బరికాయ వైపు చూస్తున్నాడు.

మనోగత్‌కు పిలిచారు. వెనక నుంచి ఎవరో అరిచారు, "మౌనీబాబా, బోలో!" హాలంతా నవ్వింది. ఆయన లేచి మైకు దగ్గరికి పోయాడు. శాలువా ఒక భుజం నుంచి జారింది, చూసుకోలేదు.

అందరూ చేసినట్టే మైకు మీద వేలితో కొట్టాడు. ఠక్, ఠక్. కొట్టి, ముప్పై ఏళ్ల అలవాటు కదా, తనకు తెలియకుండానే చెవి పక్కకు పెట్టి హాలు పైకప్పు వైపు చూశాడు.

బాయి మనుషులకు అది వేరే చెప్పాలా? ఒక్కసారిగా పకపకా నవ్వారు. ఆయనకు తాను చేసింది అప్పుడు తెలిసింది. తానూ నవ్వి, "కప్పు గట్టిగనే ఉన్నది. కూసోండ్రి," అన్నాడు. చప్పట్లే చప్పట్లు. ఇది నేను నేర్పింది కాదు.

అందరికీ కలిపి ఒక దండం పెట్టాడు. సగం నా వైపు తిరిగాడు. ఆయన మాట్లాడింది బాయిలో అందరూ మాట్లాడుకునే హిందీ, తెలుగూ మరాఠీ కలిసినది. నేను మన మాటల్లోనే రాస్తున్నాను.

"ఒక పూట నేను డబ్బ ఇప్పుతున్న."

"ఊ," అన్నాను.

నా ముందు బల్ల మీద పెద్దల కోసం పెట్టిన ఇంకో మైకు ఉందని నాకు తెలియదు. నా ఊ నాలుగు డబ్బా స్పీకర్లలోంచి ఉరిమినట్టు వచ్చింది. హాలు గొల్లుమంది. "వహినీ, ఒన్స్ మోర్!" అని ఎవరో అన్నారు. వహినీ అంటే వదిన. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"రాజురా బావ వచ్చిండు. కప్పు కొట్టి చూసిండు," అన్నాడు ఆయన. అని ఆగాడు. నా వైపు చూశాడు.

నేను కొంగు నోటి మీద నుంచి తీయలేదు. సాబు గడియారం చూసుకున్నాడు. మా ఆయన చూపు మెల్లగా నా మీద నుంచి కిందికి, చేతిలోని కొబ్బరికాయ మీదికి దిగింది. గేటు మీటింగులో మైకు పక్కవాడికి ఇచ్చినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటాడు. అయిపోయింది, ఈ మాట ఇక ఈయనతోనే ఉండిపోతుంది అనుకున్నాను. కొంగు తీయబోతున్నాను.

"ఊ!"

ముందు వరస నుంచి. రాజురా అన్న.

"ఊ, కొట్టి చూసిండు. పలికిందా లేదా చెప్పు బావా! ఊ కొట్టుడు మా చెల్లె ఒక్కదాని పనే అనుకున్నవా?"

మా ఆయన తలెత్తాడు. "డొల్లగ పలికింది," అన్నాడు.

"ఊ," అన్నది ముందు వరస.

"'లే' అన్నడు. తిన్నంక లేస్త అన్న."

రెండో వరస, మూడో వరస. మరాఠీ వాళ్లు "హం" అన్నారు, ఉత్తరాది వాళ్లు "హాఁ" అన్నారు. నేనూ కొంగు తీసేసి, మైకు దగ్గరికి జరిగి మరీ అన్నాను. ఆయన ఒక్కో మాట చెప్పడం, ఆగడం, హాలు పలకడం. బెల్టు పట్టి గుంజిన దగ్గర మాత్రం ఎవరూ పలకలేదు. అది పలకాల్సిన చోటు కాదని అందరికీ తెలిసింది.

"కొత్త పోరగాండ్లకు ఒక్కటే చెప్త," అన్నాడు. "డ్రెస్సర్ లే అంటే లేవుండ్రి. తిన్నంక కాదు." ఇంకొంచెం ఆగాడు. "గా దినం బావ గుంజకపోతే గీ శాలువ లేదు. గీమె పక్కన గా కుర్చీ లేదు. దిగేటోన్ని గనుక గిన్నేండ్లు చెప్పలే. ఇగ పైకొచ్చిన. చెప్పిన."

అని ఆపేశాడు. కథను కంచి నుంచి వెనక్కి పిలవలేదు.

చప్పట్లు వెంటనే రాలేదు. వాళ్లంతా రాజురా అన్న వైపు చూస్తున్నారు. ఆయన లేచి నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి గానీ నోరు నోరే.

"అంత మంచిగనే ఉన్నది గని బావా, గా డబ్బల ఏం కూర ఉండె?"

మా ఆయన తెల్లమొహం వేశాడు. ఆయనకేం గుర్తుంటుంది? నా వైపు తిరిగాడు. ఈసారి నేను మైకుకు భయపడలేదు.

"పుంటికూర పప్పు," అన్నాను. "రెండు జొన్న రొట్టెలు. ఒక ఉల్లిగడ్డ."

అప్పుడు మోగింది హాలు. నా మనోగత్ అంతే, అంతకంటే ఎక్కువ నేనెప్పుడూ ఏ స్టేజీ మీదా మాట్లాడలేదు. కొడుకు వెనక వరసలో నిలబడి, ఫోన్ పైకెత్తి అంతా పట్టుకుంటున్నాడు, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటూ.

రాజురా అన్న మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చాడు. కౌగిలించుకోలేదు, చెయ్యి కలపలేదు. జారిన శాలువా సరిచేసి, వేలి కణుపులతో మా ఆయన బట్టతల మీద రెండుసార్లు కొట్టాడు, చెవి పెట్టి విన్నాడు.

"గిప్పుడు గట్టిగ పలికింది," అన్నాడు, ముందున్న మైకులోకే. "డొల్ల కాదు. రాసుకోండ్రి."

ఆ వీడియో ఎన్ని ఫోన్లలో తిరిగిందో నాకు తెలియదు. ఇప్పుడు సెండాఫ్ దగ్గర పడ్డవాళ్లు సాయంత్రాలు మా డాబా మీదికి వస్తున్నారు, భార్యలను వెంటబెట్టుకుని. మగవాళ్లకు మా ఆయన చెప్తాడు. చిన్నగానే చెప్తాడు గానీ చెప్తాడు. మొన్న వచ్చిన ఒకామె నన్ను పక్కకు పిలిచి భయంగా అడిగింది, "అక్కా, బల్ల మీద మైకు ఉంటదట కదా. ముందుగాలనే దాన్ని జెర దూరం జరిపిపెట్టుకోవాల్నా?"

"జరుపకు," అన్నాను. "ఉండనీ."